నల్లకాగు వాసన

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మూడో రోజు తలకి కట్టుతో వంటగదిలో స్టూలు మీద కూర్చుని ఉన్నాను. నా భార్య సుజాత పొయ్యి మీద పాలు పెట్టి, చూస్తూ ఉండమని చెప్పి పెరట్లోకి వెళ్ళింది. నేను పొయ్యికి వీపు పెట్టి ఫోన్ చూసుకుంటున్నాను. కాసేపటికి కళ్ళు మండాయి. మందుల వల్లేమో అనుకున్నాను. ఆమె చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పరిగెత్తుకొచ్చి పొయ్యి ఆపింది. గిన్నె అడుగు బొగ్గయింది. ఇల్లంతా పొగ.

"ఈ కంపు మీకు రావట్లేదా?" అంది.

వస్తోందన్నాను. అబద్ధం. ఆ అబద్ధం నాకు తలకి తగిలిన దెబ్బ కంటే ఎక్కువ నష్టం చేసింది. అందుకే ఇది రాస్తున్నాను.

మాది పెడన. కలంకారీ అచ్చుల పని. మా తాతగారి నుంచి వస్తున్న షెడ్డు, దాంట్లో ఒక మూల నల్లకాగు. పెద్ద మట్టి కుండ అది. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, తాటిబెల్లం, నీళ్ళు పోసి మూత పెడితే రోజుల తరబడి పులుస్తుంది. ఆ నీళ్ళలో ముంచిన అచ్చుని కరక్కాయ, గేదె పాలల్లో నానబెట్టి ఆరేసిన బట్ట మీద కొడితే నల్లటి గీత పడుతుంది. మా ఇంట్లో ఆ కాగుని పూర్తిగా ఎప్పుడూ ఖాళీ చెయ్యలేదు. జానెడు పాత నీళ్ళు అడుగున వదిలి, వాటి మీదే కొత్త సరుకు వేస్తాం. మా తాత పులియబెట్టిన నీళ్ళే ఇప్పటికీ అందులో ఉన్నాయని నాన్న అనేవారు.

కాగు సిద్ధమైందో లేదో చెప్పేది ముక్కు. మొదట తీపి వాసన, తర్వాత కల్లు వాసన, ఆ తర్వాత పులుపు, ఆ పులుపులోంచి తుప్పు గుచ్చుకుంటుంది. అప్పుడే అచ్చు ముంచాలి. నాన్న కళ్ళు మూసుకుని మూత తీసి, వంగి పీల్చి, తల ఊపేవారు. ఆయన తల ఊపాక ఇంకెవరూ మాట్లాడకూడదు. అది మా షెడ్డులో కట్టుబాటు. నాన్న పోయాక ఆ తల ఊపే పని పెద్దకొడుకుగా నాకొచ్చింది.

నన్ను కొట్టింది నా తమ్ముడు నాంచారయ్య. మేం వేరుపడుతుంటే పెద్దమనుషులు కూర్చుని అచ్చులు, బల్లలు, రాగి బానలు అన్నీ పంచారు. కాగు నాది, అందులో సగం నీళ్ళు తమ్ముడివి అన్నారు. ఒప్పుకుని ఇంటికొచ్చాను. మర్నాడు వాడు బిందె పట్టుకుని షెడ్డుకొస్తే నాకు ఒళ్ళు మండింది. నీకిచ్చే బదులు కాలవలో పారబోస్తానన్నాను. వాడు నోరు చేసుకున్నాడు. ముందు చెయ్యెత్తింది నేనే, చెంప మీద కొట్టాను. ఆ ముక్క పోలీసులకి నేను చెప్పలేదు. తర్వాత కాగు అంచు పట్టుకుని నిజంగానే వంచబోయాను. వెనక నుంచి కాగు కలిపే కర్ర నా తల మీద పడింది. చప్పుడు నాకు లోపలి నుంచి వినబడింది. ఇంకో దెబ్బ పడిందో లేదో తెలియదు. కళ్ళు తెరిచేసరికి నా నోట్లో నెత్తురు, మట్టి. నెత్తురు రుచి నాకు గుర్తున్న ఆఖరి రుచి.

బందరు ఆస్పత్రిలో కుట్లు వేసి సీటీ స్కాన్ తీశారు. పుర్రె వెనక హెయిర్‌లైన్ ఫ్రాక్చర్, అంటే వెంట్రుకంత బీట, మెదడు ముందు భాగంలో కంట్యూజన్, అంటే కమిలిన గాయం అన్నారు. ఆపరేషన్ అక్కర్లేదు, అబ్జర్వేషన్‌లో ఉంచుదాం అన్నారు. పోలీసులు వచ్చి స్టేట్‌మెంట్ రాసుకుని నాంచారయ్య మీద కేసు పెట్టారు, వాడు బెయిల్ మీద బయటికొచ్చాడు. పడుకున్నన్ని రోజులూ నేను ఒక్కటే ఆలోచించాను. లేచాక వాణ్ణి ఏ కర్రతో కొట్టాలి, ఎక్కడ కొట్టాలి. మోకాళ్ళ మీద కొడితే జన్మలో బల్ల దగ్గర నిలబడలేడు అనుకున్నాను. పక్క మంచం మీది ముసలాయన నేను నిద్రలో పళ్ళు నూరుతున్నానని నర్సుకి ఫిర్యాదు చేశాడు.

ఆస్పత్రి తిండి చప్పగా ఉందంటే అందరూ నవ్వి ఊరుకున్నారు. ఇంటికొచ్చినా అంతే. ఆవకాయ కలుపుకుంటే నాలిక మీద ఉప్పు, మంట, అంతే. దోసకాయ పప్పుకీ తడిపిన అట్టకీ తేడా లేదు. ఎవరికీ చెప్పలేదు. పెడనలో ముక్కు పోయిన రంగుల మేస్త్రీని ఎవరు మేస్త్రీ అంటారు? నాకున్న చదువు ఆ ముక్కే. అది పోతే కాగు పోయినట్టే, నాన్న ఇచ్చిన స్థానం పోయినట్టే. పైగా నాంచారయ్య ఆ మాట విని నవ్వుతాడు. చచ్చినా వాణ్ణి నవ్వనివ్వను అనుకున్నాను.

ఇంకొకటి కూడా పోయింది, దానికి ఏం పేరు పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఎర్రరంగు కోసం చేవలకొడి వేరు ఉడుకుతున్న బాన పక్కన నిలబడితే నాకు మా అమ్మ కనబడేది, నుదుటి మీద చెమట తుడుచుకుంటూ. కరక్కాయ బట్టలు ఎండలో ఆరేస్తే, ఆరిన బట్టల గుట్టల మీద నన్ను ఎత్తి పడేసి నవ్విన నాన్న కనబడేవారు. పిలవకుండా వచ్చేవాళ్ళు. ఇప్పుడు అదే షెడ్డులో నిలబడితే ఎవరూ రావట్లేదు. అమ్మ ముఖం గుర్తు చేసుకుంటే గోడ మీది ఫోటోయే గుర్తొచ్చేది. ఏడుపొచ్చింది. ఏడవడం చేతకాక పనివాళ్ళ మీద అరిచాను.

రెండో నెలలో పెద్ద ఆర్డరు వచ్చింది, దుప్పట్లు. కాగు నింపాను. వాసన తెలియదు కాబట్టి రోజులు లెక్కపెట్టుకున్నాను. ఆ ఏడు ఎండలు మండిపోయాయి. కాగు త్వరగా పులిసి, పులుపు దాటి కుళ్ళింది. అది నాకు తెలియదు. నాన్నలాగే కళ్ళు మూసుకుని మూత తీశాను, వంగాను, పీల్చాను, తల ఊపాను. పక్కన ఏసోబు ఉన్నాడు. నాన్న కాలం నుంచి మా దగ్గర అచ్చు కొడుతున్న పెద్దాయన. ఒక్క క్షణం నా ముఖంలోకి చూశాడు. అచ్చు తీసుకున్నాడు.

నాలుగు రోజుల తర్వాత దుప్పట్లు కాలవలో జాడిస్తున్నారు. ఒకతను మొదటి దుప్పటి ఎత్తి విదిలించగానే తీగ ఉన్న చోట తీగ ఆకారంలో, ఆకు ఉన్న చోట ఆకు ఆకారంలో గుడ్డ ఊడి నీళ్ళలో పడిపోయింది. ఘాటు మితిమీరిన నలుపు బట్టని తినేస్తుంది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. చిల్లుల్లోంచి అవతలి గట్టు కనబడింది. కాలవ నిండా నల్లటి ఆకులు.

నేను ఏసోబు చొక్కా పట్టుకున్నాను. అరవై దాటిన మనిషిని.

"వాసన తేడాగానే ఉంది అబ్బాయిగారూ," అన్నాడు, చొక్కా విడిపించుకోకుండానే. "కానీ మీరు తల ఊపారు కదా."

షెడ్డులోకి వెళ్ళి, నన్ను కొట్టిన ఆ కర్రే తీసుకుని కాగుని కొట్టాను. మొదటి దెబ్బకి బీట పడింది. ముక్కలు నలిగి పిండయ్యేదాకా కొట్టాను. తాత నీళ్ళు, నాన్న నీళ్ళు నా కాళ్ళ మీదుగా పారి మట్టిలో ఇంకిపోయాయి. కుళ్ళు కంపుకి అందరూ ముక్కులు మూసుకున్నారట. నాకేం తెలియలేదు. తమ్ముడికి ఇవ్వకుండా పారబోస్తానన్న మాట నేను నిలబెట్టుకున్నాను, కావాలంటే అలా చెప్పుకోవచ్చు.

ఆ సాయంత్రమే సుజాతకి నిజం చెప్పాను. పాలు మాడిన రోజే తనకి తెలుసంది. నేను నోరు విప్పేదాకా ఆగిందట. మర్నాడు గుడివాడలో ఈఎన్‌టీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ నా కళ్ళకి గంతలు కట్టి కాఫీ పొడి, కర్పూరం, సబ్బు ఒకదాని తర్వాత ఒకటి ముక్కు కింద పెట్టారు. అన్నీ ఒకటే, గాలి.

"దీన్ని అనోస్మియా అంటారండీ. దెబ్బ వెనక తగిలినా మెదడు ముందుకెళ్ళి గుద్దుకుంటుంది. వాసన నరాలు ముక్కు పైన జల్లెడ లాంటి ఎముకలోంచి వస్తాయి, అక్కడ తెగుతాయి. కొందరికి తిరిగి పెరుగుతాయి, కొందరికి పెరగవు. వెంటనే రావాల్సింది," అన్నారు.

ఎంఆర్ఐ తీయించారు. నరం సన్నగా ఉంది కానీ ఉంది అన్నారు. కొన్నాళ్ళు స్టెరాయిడ్, ముక్కులో కొట్టుకునే స్ప్రే ఇచ్చారు. గ్యాస్ వాసన తెలియదు కాబట్టి ఇంట్లో డిటెక్టర్ పెట్టుకోమన్నారు, నిన్నటి కూర నన్ను వాసన చూసి వెయ్యనివ్వొద్దని సుజాతకి చెప్పారు.

ఐదో నెలలో వాసన వచ్చింది. రాకుండా ఉంటే బాగుండేది. ఉదయం సుజాత కాఫీ కప్పు పెట్టింది. తగలబెట్టిన జుట్టు, దాని మీద చచ్చిన ఎలుక. కప్పు విసిరికొట్టాను. ఉల్లిపాయ వేగితే అదే కంపు, సబ్బుకి అదే, పండిన మామిడికి అదే. సుజాత జడలో మల్లెపూలు పెట్టుకుని పక్కన కూర్చుంటే డోకొచ్చింది. లోకమంతా ఒకే శవంలా కుళ్ళుతోంది, నేను దాన్ని తినాలి. పదకొండు కిలోలు తగ్గాను. కంపు కొట్టే ప్రతిదాన్నీ కొట్టాలనిపించేది. కంచాలు విసిరాను. తలుపు తన్ని గడియ ఊడగొట్టాను. ఒకరోజు వేడి చారు గిన్నె గోడకేసి కొడితే చారు సుజాత భుజం మీద పడింది. మందు రాయబోతే ఆమె నా చెయ్యి నెట్టేసింది. నేను ఆమెని నెట్టాను. బీరువాకి గుద్దుకుంది.

ఆమె ఏడవలేదు. భుజం మీద తడిగుడ్డ వేసుకుని నెమ్మదిగా అంది.

"మీ తమ్ముడు మిమ్మల్ని ఒక్కసారే కొట్టాడు. ఈ ఇంట్లో మీరు రోజూ కొడుతున్నారు."

ఆమె భుజం మీద రూపాయి బిళ్ళంత మచ్చ ఉంది. అది చూసినప్పుడల్లా నాకు సిగ్గేస్తుంది.

మళ్ళీ గుడివాడ వెళ్ళాం. డాక్టరమ్మ విని సంతోషించారు, నాకు ఆవిడ మీద కూడా కోపమొచ్చింది.

"ఇది పారోస్మియా. మంచి సైనే అండీ. నరం పెరుగుతోంది, కనెక్షన్ తప్పు చోట కలుస్తోంది. దానికి దారి నేర్పించాలి. స్మెల్ ట్రైనింగ్ చేద్దాం," అన్నారు.

నాలుగు సీసాలు, నాలుగు వాసనలు. ఉదయం, సాయంత్రం ఒక్కొక్కటి కాసేపు పీల్చాలి. పీల్చేటప్పుడు అది ఒకప్పుడు ఎలా ఉండేదో గుర్తు చేసుకోవాలి. మామూలుగా లవంగం, నిమ్మ లాంటివి పెడతామనీ, మీకు సంతోషంగా గుర్తున్నవి ఏవైనా ఉంటే అవి కూడా కలపమనీ అన్నారు. లవంగం, నిమ్మతొక్క, కరక్కాయ పొడి అన్నాను. నాలుగోది ఏది అని అడిగితే నల్లకాగు అని నా నోట్లోంచి వచ్చేసింది. బస్సులో తిరిగొస్తూ దాన్ని నేనే పగలగొట్టానని ఆలోచిస్తుంటే సుజాత కిటికీలోంచి బయటికి చూస్తూ అసలు సంగతి చెప్పింది. నేను ఆస్పత్రిలో ఉన్నప్పుడు తన తోడికోడలు, అంటే నాంచారయ్య భార్య, వచ్చి ఏడిస్తే ఒక బిందెడు కాగు నీళ్ళు ఇచ్చి పంపిందట. పెద్దమనుషులు ఇమ్మన్నవే కదా అంది. వాడి షెడ్డులో ఆ నీళ్ళే ఇప్పుడు పులుస్తున్నాయి.

నన్ను చంపబోయినవాడికి నా తల కుట్లు ఆరకముందే నా కాగు నీళ్ళు ఇచ్చింది. గొంతు పట్టుకోవాలన్నంత కోపం. కానీ ఆమె ఇవ్వకపోయి ఉంటే తాత నీళ్ళు ఈ లోకంలో ఇంకెక్కడా ఉండేవి కావు. ఆ రెండూ ఒకేసారి మింగాల్సి వచ్చింది.

మర్నాటికి నాలుగో సీసా వచ్చింది. ఖాళీ పచ్చడి సీసా, అందులో సగం నల్లకాగు నీళ్ళు. తోడికోడళ్ళిద్దరూ ఎప్పుడు కలిసేవారో, సీసాలో నీళ్ళు ఎలా మార్చేవారో నేను అడగలేదు. నాంచారయ్యకి తెలియదట. రోజూ రెండుసార్లు ఆ సీసా మూత తీసేవాణ్ణి. లవంగం కుళ్ళు కంపు, నిమ్మ కుళ్ళు కంపు, నల్లకాగు కుళ్ళు కంపు. పీలుస్తూ, గుర్తు చేసుకోమన్నది మానేసి, తమ్ముణ్ణి తిట్టుకునేవాణ్ణి. మూడు నెలలకి లవంగం కొంచెం లవంగంలా అయింది. నిమ్మ అవలేదు.

తొమ్మిదో నెల. ఉదయం, కరక్కాయ పాలల్లో బట్ట పిసుకుతున్నాను. నాకు మిగిలిన పని అదే, దానికి ముక్కు అక్కర్లేదు. మధ్యలో లేచి ట్రైనింగ్‌కి కూర్చున్నాను. నాలుగో సీసా మూత తీశాను. బెల్లం. తాటిబెల్లం, తుప్పు, మధ్యలో కల్లు. కాసేపే. కానీ ఆ కాసేపట్లో నాకు పదేళ్ళు, నాంచారయ్యకి ఏడు. ఇద్దరం కరక్కాయ పాలల్లో బట్ట పిసికి, ఆ చేతులతోనే కొత్తగా నింపిన కాగులోంచి కరగని బెల్లం ముక్కలు దొంగిలించాం. ఆ నీళ్ళు ఉత్తప్పుడు నల్లగా ఉండవు, కరక్కాయ తగిలితేనే నలుపు. మోచేతుల దాకా నల్లబడిపోయాం. కాలవలో ఇసకతో తోమినా పోలేదు. వాడు భయపడి నా వెనక దాక్కుని చొక్కా పట్టుకుంటే నా తెల్ల చొక్కా వీపు మీద వాడి రెండు అరచేతులు అచ్చు పడ్డాయి. నాన్న మమ్మల్ని కొడతారనుకున్నాం. ఆయన నా చొక్కా చూసి, ఇంత మంచి అచ్చు ఏసోబు కూడా కొట్టలేడని పడీ పడీ నవ్వారు.

నాన్న నవ్వు వినబడింది. ఫోటో కాదు, నాన్నే. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ వెంటనే, అంతే బలంగా, కోపం వచ్చింది. నా వెనక దాక్కున్నవాడు నా వెనక నుంచే కొట్టాడు. చేతులైనా కడుక్కోకుండా లేచి వాడి షెడ్డుకి నడిచాను. రెండు వీధులు. దారిలో ఎవరో పలకరించారు, పలకలేదు.

వాడు కాగు మీద వంగి ఉన్నాడు, చేతులు అందులోనే. నన్ను చూసి నిటారుగా నిలబడి తడి చేత్తో ముఖం తుడుచుకున్నాడు. నేను కొట్టాను. ఒంట్లో బలమంతా పెట్టి, చెంప మీద. వాడు కాగు అంచు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. చెయ్యెత్తలేదు.

"అయిపోయిందా?" అన్నాడు. "కావాలంటే ఇంకోటి కొట్టు. తర్వాత ఈ కాగు చూడు అన్నయ్యా. పులిసిందో కుళ్ళిందో నాకు తెలిసి చావట్లేదు. నాన్న నీకే నేర్పాడు."

వాడికి తెలియదు. తొమ్మిది నెలలుగా నేను దాచిన మాట వాడి దాకా చేరనే లేదు.

"నాకు వాసన రావట్లేదురా," అన్నాను. "నువ్వు కొట్టినప్పటి నుంచీ."

వాడు నా ముఖంలోకి చూశాడు. నా ముక్కు వైపు చూశాడు. తర్వాత అక్కడే, తడి నేల మీద, చతికిలబడిపోయాడు. చేతుల్లో తల పెట్టుకుని ఊగాడు. జైల్లో వేసినా వాడు అంత కుంగిపోయేవాడు కాదు. రంగుల ఇంట్లో పుట్టినవాడు కదా, నా దగ్గర్నుంచి ఏం పోగొట్టాడో వాడికి తెలుసు.

వాడు లేచాక ఇద్దరం కాగు మీద వంగాం. నాకు బెల్లం తెలుస్తోంది, ఇంకేం తెలియట్లేదు. తుప్పు గుచ్చుకుంటోందా అని నేనడిగాను. కొంచెం గుచ్చుకుంటోంది అన్నాడు. తీపి ఇంకా ఉంది, నాలుగు రోజులు ఆగాలి అన్నాను. ఇద్దరికీ కలిపి ఒక్క ముక్కు. తల ఎత్తాక చూశాను, వాడి చెంప మీద నా అయిదు వేళ్ళూ నల్లగా, గీతలతో సహా అచ్చు పడి ఉన్నాయి. వాడి ముఖం మీద కాగు నీళ్ళు, నా చేతికి కరక్కాయ.

ఆ నలుపు పోవడానికి వారం పడుతుంది. మూడో రోజున బందరు కోర్టులో మా కేసు వాయిదా. రాజీకి ఒప్పుకుంటున్నామని చెప్పాం, ముందు చెంప దెబ్బ కొట్టింది నేనేనని కూడా చెప్పాను. జడ్జిగారు వాడి చెంప చూసి ఇదేమిటి, బెదిరించి ఒప్పించారా అని అడిగారు. మా వృత్తి రంగండీ, ఇంట్లో ఎవరో ఒకరికి అంటుకుంటూనే ఉంటుంది అన్నాడు నాంచారయ్య. ఆయన నమ్మారో లేదో తెలియదు, కాగితం మీద సంతకం పెట్టారు.

క్షమించానా అంటే చెప్పలేను. చలికాలంలో కుట్ల చోటు లాగుతుంది, అప్పుడు వాణ్ణి తిట్టుకుంటాను. దెబ్బ తగిలి ఇప్పటికి రెండేళ్ళు. నిమ్మ ఇంకా సరిగ్గా రాలేదు. కాఫీ తాగగలుగుతున్నాను, మల్లెపూలు మాత్రం సుజాత ఆరుబయటే పెట్టుకుంటుంది. కొత్త కాగు కొన్నాను, తమ్ముడి కాగులోంచి ఒక బిందెడు పోసి మొదలుపెట్టాను. సీసాలు ఇప్పటికీ రెండు పూటలా తీస్తాను. నాలుగోది ఆఖరున తీస్తాను, నాన్న నవ్వు కొన్ని రోజులు వస్తుంది, కొన్ని రోజులు రాదు.

మీకు చెప్పేది ఒక్కటే. తలకి దెబ్బ తగిలాక తిండి చప్పగా అనిపించినా, వాసన తెలియకపోయినా ఆ రోజే చెప్పండి. డాక్టరుకీ చెప్పండి, మీతో కలిసి తినేవాళ్ళకీ, పనిచేసేవాళ్ళకీ చెప్పండి. నేను పరువు కోసం దాచి తాత నీళ్ళు మట్టిపాలు చేశాను, భార్య ఒళ్ళు కాల్చాను.

ఇప్పుడు మా షెడ్డులో కట్టుబాటు మారింది. మూత తీసి పీల్చాక నేను తల ఊపను. ఏసోబు వైపు తిరిగి, నువ్వేమంటావు అని అడుగుతాను. ఆయన వంగి, తీరిగ్గా పీల్చి చెబుతాడు, నిన్న కూడా కాగు ఇంకా సిద్ధం కాలేదనే అన్నాడు.